పంటలో పాలు

అబిడ్సునకును నాంపల్లి స్టేషనునకును దాపుననే మొజంజాహి మార్కెటు కలదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను పాలనలో, 1935లో, రాతితో కట్టిన అంగడి యిది. గడియారపు గోపురము, దాని కిరుప్రక్కల రెక్కలవలె చాచిన దుకాణముల వరుసలు, నడుమ విశాలమైన ఆవరణము. నిజాము రెండవ కుమారుని పేరు దీనికి పెట్టిరి. చాలకాలము ఇది నగరమునకు పండ్ల అంగడిగ నుండెను. 1980 తరువాతి దశాబ్దమున ఆ పండ్ల వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలిపోయినది. ఆవరణములోని ఐస్‌క్రీము దుకాణములు మాత్రము నిలిచి యున్నవి. వేసవిలో మామిడిపండు గుజ్జు కలిపిన ఐస్‌క్రీము కొఱకు అక్కడ జనము గుమిగూడుదురు. వానలు వెనుకపట్టి దసరా దగ్గఱపడుసరికి అందఱి నోటను సీతాఫలమే.

ఈ సంగతి ఎత్తుకొనుటకు నాకొక కారణము కలదు. సీతాఫలము కొఱకు మనము ఏడాదిలో ఎన్నో నెలలు ఓపికతో ఎదురు చూతుము. చైత్రమాసమున పండ్ల బండియొద్దకు పోయి, సీతాఫలము లేదేమని ఎవ్వరును కోపగింపరు. ఇంకను కాలము రాలేదని సరిపెట్టుకొందురు. అట్లు ఎదురు చూచుటలోనే పండు రుచి సగము ఉన్నదని నాకు తోచును. అదే మనుష్యుడు సంచి పట్టుకొని కూరగాయల అంగడికి పోవునప్పుడు ఆ ఓర్పు ఏమైపోవుచున్నదో తెలియదు. ఏప్రిలులో చిక్కుడుకాయ కావలెను. ఆగస్టులో కాలీఫ్లవరు కావలెను. టమాటా లేని దినమే యుండరాదు. నా యభిప్రాయము సూటిగ చెప్పెదను. కూరగాయల విషయమున మనము కోరినదానికంటె కాలము ఇచ్చినదానిని పుచ్చుకొనుట మేలు. పండించువానితో ముందుగ ఒడంబడిక చేసికొని, అతని పంటలో పాలుగొని పుచ్చుకొనుట మఱింత మేలు. ఇది నా యింట మూడేండ్లు చూచి చెప్పుచున్న మాట. ఇందలి చిక్కులను గూడ దాచను.

మా యిల్లు అబిడ్సు దాపున బొగ్గులకుంటలో నున్నది. మూడేండ్ల క్రిందట మా వీధిలోని ఐదిండ్లవారము కలిసి, చేవెళ్ల ప్రాంతపు రైతు కుటుంబముతో ఒక యేర్పాటు చేసికొంటిమి. ఆషాఢము మొదలుకొని మాఘము వఱకు, నెలకింత యని ముందుగ సొమ్ము చెల్లింతుము. వారు ప్రతి ఆదివారము ఉదయము, తమ చేనిలో ఆ వారము కోసినదానిని ఐదు సంచులుగ పంచి తెచ్చి యిత్తురు. ఏ కాయ ఎంత తేవలెనో మేము చెప్పరాదు. ఎక్కువ పండిన వారము ఎక్కువ వచ్చును. తక్కువ పండిన వారము తక్కువ వచ్చును. సొమ్ము మాత్రము మాఱదు. విత్తనములకును ఎరువునకును చేతిలో డబ్బు ఆడవలసిన ఆషాఢములోనే మా సొమ్ము అందును గనుక, వడ్డీకి అప్పు తెచ్చుకొనవలసిన పని వారికి కొంత తప్పినది.

మొదటి సంచిని విప్పి చూచినప్పుడు నాకు నిరాశ కలిగినమాట వాస్తవము. రెండు కట్టల గంగవాయిలికూర, కొన్ని బెండకాయలు, నాలుగు దోసకాయలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు, అంతే. మా పిల్లలు సంచి అడుగు వఱకు చేయి పెట్టి ఆలుగడ్డల కొఱకు వెదకిరి. శ్రావణములో బోడకాకరకాయలు వచ్చెను. కోస్తా జిల్లాలవారు వీనిని ఆకాకర యందురు. ఒడలెల్ల మెత్తని ముండ్లతో, కోడిగ్రుడ్డుకంటె చిన్నవిగ నుండు ఆ కాయలు వానకాలపు కొన్ని వారములు కనబడి మాయమగును. అంగడిలో వాని వెల వినిన గుండె ఝల్లుమనును. మా సంచిలోనికి అవి అదనపు వెల లేకయే వచ్చెను. చేని కంచెమీద ప్రాకిన తీగెకు తమంత కాసినవట. వినాయకచవితి వారమున తుమ్మికూర వచ్చెను. తెలంగాణమున పలు ఇండ్లలో ఆ పండుగకు దానిని వండుదురు. భాద్రపదమంతయు బీర, సొర, పొట్ల. పొట్లకాయ యన్న నాకు చిన్ననాటి నుండియు పడదు. మూడేండ్లు తినినను పడుట లేదు. దానిని గుఱించి ఇంక వ్రాయను.

చిక్కుడుకాయ ఎప్పుడు వచ్చునని పిల్లలు అడిగిరి. చలి మొదలైన తరువాత వచ్చునని రైతు చెప్పెను. ఎందుకని నేను పుస్తకములు చూడగా, ఆశ్చర్యమైన సంగతి తెలిసినది. నాటు చిక్కుడు పగటి పొడవును కొలుచుకొను మొక్క. రాత్రి పెరిగి పగలు తగ్గిననే తప్ప అది పూత పట్టదు. మన హైదరాబాదులో జూను చివర పగలు సుమారు 13 గంటలు. డిసెంబరు చివర 11 గంటలకు కొంచె మెక్కువ. ఏడాది పొడవునను ఉన్న భేదము రెండు గంటలు. మనకు తెలియనైన తెలియని ఆ కొద్దిపాటి తగ్గుదలను, గడియారము లేని తీగె యొకటి గుర్తించి, ఇప్పుడు పూయవచ్చునని నిశ్చయించుకొనును. నాటు కందియు ఇట్టిదే. శాస్త్రజ్ఞులు పగటి పొడవుతో పని లేక ఎల్లప్పుడు కాయు చిక్కుడు రకములను గూడ సృష్టించిరి. అది గొప్ప పనియే. రైతునకు దాని వలన లాభము లేకపోలేదు. ఐనను ఒక తీగె శరత్తు వచ్చినదని తెలిసికొని పూయుట, దానిని చూచి మన యింటివారు శరత్తు వచ్చినదని తెలిసికొనుట నాకు ఎక్కువ యిష్టము.

కాలీఫ్లవరు చలిని కోరు పంట. ఎండకాలమున దానిని పండింపవలెనన్న వేడికి ఓర్చు రకములు కావలెను, లేదా చల్లని దూరప్రాంతమునుండి లారీపై తేవలెను. ఆకుకూరల సంగతి మఱియు సున్నితము. పాలకూరలోని సి విటమిను కోసిన గంటనుండియే తగ్గజొచ్చును. ఎండ తగులుచు రెండు మూడు దినములు బండిమీద నున్న కట్టలో అది ఎంత మిగులును? ఇంకొక చిక్కు మన నగరమునకే చెందినది. మూసీ మురుగునీటితో ఆకుకూరలు పండించుట చాలకాలముగ నున్నది. ఆ కట్ట యేదో, శుభ్రమైన బావినీటి కట్ట యేదో బండిమీద చూచి ఎవ్వరును చెప్పలేరు. ఎవరి చేనినుండి వచ్చినదో తెలిసినప్పుడే ఆ భయము తీరును.

గునుగు మాట చెప్పవలెను. వానకాలమున చేలలో తమంత మొలచు మొక్కలలో గునుగు ఒకటి. రైతునకు అది కలుపు. లేతగ నున్నప్పుడు దాని ఆకు కూరకు పనికి వచ్చును. ముదిరిన తరువాత ఎవ్వరును తినరు. భాద్రపద బహుళ అమావాస్య నాటికి అది తెల్లని, లేత గులాబి వన్నె కంకులతో పూచి బతుకమ్మ నెక్కును. నేను నాంపల్లిలో పలుమార్లు బతుకమ్మ పువ్వులు కొనియుంటిని. గునుగు పువ్వు, గునుగు కూర ఒకే మొక్కవని ఏబదియేండ్లు వచ్చువఱకు నాకు తెలియదు. జహీరాబాదు ప్రాంతమున 1983లో ఆరంభమైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన పల్లె స్త్రీలకు ఈ సంగతి చెప్పినచో నవ్వుదురు. విత్తక, నీరు పెట్టక పొలములో లభించు ఇట్టి ఆకుకూరలను వారు ఎన్నింటినో పేరుపేరున ఎఱుగుదురు. వాటిని వండి నగరవాసులకు తినిపించిరి గూడ. ఆ సంఘపు స్త్రీలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమమువారు ఈక్వేటర్ బహుమతి నొసగిరి. అక్షరములు రానివారు పెక్కురున్న ఆ సంఘము మనవంటి చదువరులకు నేర్పవలసినది చాల కలదు.

ఇక చిక్కులు. రెండవ యేట భాద్రపదమున వానలు ఎడతెఱపి లేక కురిసెను. ఆ ఆదివారము వచ్చిన సంచిలో ఒక సొరకాయ, రెండు పుంటికూర కట్టలు తప్ప మఱేమియు లేవు. మునుపటి వారము గూడ సొరకాయయే. మా ప్రక్క యింటి పెద్దమనిషి సంచి తెచ్చిన రైతు కుమారునితో గట్టిగనే మాటలాడెను. నెల సొమ్ము ముందే పుచ్చుకొని సొరకాయ లిత్తురా యని అడిగెను. ఆ యువకుడు తల వంచుకొని, "వానలకు బీరపాదులన్నీ మురిగిపోయినయి సారూ. మా ఇంట్ల కూడ ఈ వారం ఇదే వండుకున్నం" అనెను.

పెద్దమనిషి మఱు నెల నుండి మా కూటమిని విడిచెను. నేను ఆయనను తప్పు పట్టను. ఇచ్చిన సొమ్మునకు సరిపడు సరకు రావలెననుట అంగడి న్యాయము; ఆయన పుట్టి పెరిగినది ఆ న్యాయములోనే. నా సంగతి చెప్పిన గదా పూర్తియగును! ఆ సాయంకాలమే వీధిలో బండిమీద బీరకాయలు కనబడగా, మూడింతల ధర యిచ్చి అర కిలో కొంటిని. వండుకొని తినునప్పుడు ఆ యువకుని మాట జ్ఞప్తికి వచ్చి, కూర రుచింపలేదు. అతని యింట ఆ రాత్రియు సొరకాయయే యయి యుండును.

ఆ మాటలో ఈ పద్ధతి యంతయు ఇమిడి యున్నది. మామూలుగ కూరగాయలు కొనునప్పుడు వాన నష్టమును రైతొక్కడే మోయును. మనము మఱియొక బండియొద్దకు పోదుము, అంతే. 2023 జులైలో ఏమి జరిగినదో మీ యిండ్లలో అడుగుడు. టమాటా కిలో నూఱు రూపాయలు దాటి పోయెను. పత్రిక లన్నింటను అదే మాట. వంటయిండ్లలో చింతపండు మరల పెత్తనము చేసెను. రెండు నెలలు తిరుగక మునుపే ధర నేలకు కూలెను. కోత కూలి గిట్టక, కర్నూలు ప్రాంతపు రైతులు కాయలను దారిప్రక్కన పారబోసిరి. ధర పెరిగిననాడు మనము గగ్గోలు పెట్టితిమి, పడిపోయిననాడు ఊరకుంటిమి. బోయినపల్లి టోకు మార్కెటులో దినమునకు సుమారు 10 టన్నుల కూరగాయల వ్యర్థము పోగుపడునని 2021లో లెక్కించిరి. దానినుండి అక్కడ కరెంటు తీయుచున్నారని విని సంతసించితిమి. తెలివైన పనియే. ఆ 10 టన్నులలో ఎంత భాగము మొన్నటి దినమున ఎవరి చేనిలోనో మంచి కాయగ నుండెనో గూడ తలచుకొనవలసి యున్నది.

ఈ పద్ధతి పరదేశమునుండి వచ్చినదని కొందఱందురు. ఒక విధముగ నిజమే. జపానులో పురుగుమందుల భయముచే గృహిణులు రైతులతో నేరుగ ఒప్పందములు చేసికొనిరి. 1971లో అక్కడ సేంద్రియ వ్యవసాయ సంఘము వెలసి, ఆ పద్ధతికి ఊతమిచ్చెను. వారు దానిని తెయికెయి, అనగా చేయికలుపుట యను అర్థము వచ్చు మాటతో పిలిచిరి. అమెరికాలో 1986లో, ఈశాన్య రాష్ట్రములందలి రెండు క్షేత్రములలో ఇట్టి పాలు పంచుకొను పద్ధతి మొదలై దేశమంతట వ్యాపించెను. మన ప్రభుత్వము 1999 జనవరి 26న రైతుబజారులను తెఱచినది. నాంపల్లివారికి మెహిదీపట్నపు రైతుబజారు ఎంతో దూరము గాదు. నడుమ దళారి లేకుండుట అందలి గొప్ప మేలు. అయితే అక్కడ గూడ వాన నష్టము రైతుదే.

మన పల్లెలలో ఒక పాత మాట యున్నది: మేర. కోత కాగానే కల్లములో వడ్రంగికి, కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి వారి వారి మేర కొలిచి యిచ్చెడివారు. నాగలి చేసినవాడును కుండ చేసినవాడును ఆ పంటలో పాలివారే. వాన కురిసిననాడు అందఱి గాదెలలోను గింజలుండెను. కఱవు వచ్చిననాడు అందఱికిని కొఱతయే. ఆ యేర్పాటులో కులపు కట్టుబాటు, పెత్తందారుల దౌర్జన్యము ఎంతగ కలసి యుండెనో నేనెఱుగుదును. కొలత తగ్గించిన ఆసామిని అడుగు ధైర్యము ఎందఱికుండెను? అది అట్లే మరల రావలెనని కోరువాడను గాను. దానినుండి ఒక్క తలంపును మాత్రము ఏఱుకొనవచ్చును. పాలు అనగా భాగము. లాభములో పాలుగొనువాడు నష్టములో గూడ పాలుగొనును. ఇష్టముతో, ఒకరి కొకరు తలవంచనక్కఱలేక చేసికొన్న ఒడంబడికగ ఉన్నచో, ఆ తలంపు నేడును మంచిదే.

మా వీధిలో ఒక కూరగాయల తోపుడు బండి తిరుగును. దానిని త్రోయు ఆమె తెల్లవాఱక మునుపే గుడిమల్కాపూర్ మార్కెటునకు పోయి సరకు తెచ్చుకొనును. మా ఐదిండ్లవారము సంచులు తెప్పించుకొన మొదలిడిన నెలలో, ఆమె మా వాకిట నిలిచి, "ఏమమ్మా, ఈ నడుమ ఆకుకూర తీస్కుంట లేరు?" అని మా యింటిదానిని అడిగెను. మేము సిగ్గుపడితిమి. దూరపు రైతు మేలు తలచుచు దగ్గఱి బండిని మఱచితిమి. అప్పటినుండి ఉల్లి, ఆలు, అల్లము, వెల్లుల్లి, నిమ్మకాయలు ఆమెయొద్దనే కొనవలెనని కట్టడి చేసికొంటిమి. ఆమె నష్టము దీనితో పూర్తిగ తీరినదని నేను చెప్పలేను. ఇట్టి సంచులు వేల యిండ్లకు వచ్చు దినమున, బండ్లవారి గతి యేమగునను ప్రశ్నకు నాయొద్ద సరియైన సమాధానము లేదు. ఆ బండ్లవారే రైతులతో ఒడంబడిక చేసికొని, వీధికొక పాలు తెచ్చుట మంచిదని నాకు తోచును. వీధివారి యిష్టాయిష్టములు వారికంటె ఎవరికి తెలియును?

ఇంకొక ఆక్షేపణ దీనికంటె బరువైనది. నెల సొమ్ము ముందుగ నిచ్చుట జీతగాండ్రకు సాగును. నాంపల్లి స్టేషను బయట మూటలు మోసి, ఆ దినపు కూలితో ఆ దినపు కూర కొనువాడు ఏమి చేయును? అతడు సాయంకాలము చీకటి పడిన పిదప, ధర తగ్గించి అమ్ము వాడిన కూరలను వెదకును. కాలము నిచ్చినది తినుమని అతనికి ఉపన్యాసము చెప్పుట నాకు తగదు; సంచిలోనుండి ఏఱి పాఱవేయు స్వేచ్ఛ అతనికి ఎన్నడును లేదు. కాబట్టి ఇంటింటి సంచులకంటె, పెద్ద వంటశాలలమీద నాకు ఆశ యెక్కువ. అబిడ్సు, నాంపల్లి పరిసరములందు ఎన్ని విద్యార్థి వసతిగృహములున్నవో చూడుడు. ప్రతి సర్కారు బడిలోను మధ్యాహ్న భోజనము వండుదురు. ఒక్కొక్క వంటశాల ఒక్కొక్క పల్లెతో, ఈ వానకాలమున మీ చేని కూరగాయలలో ఇంత పాలు మాదని ముందుగ కుదుర్చుకొన్నచో, ఆ పల్లెవారికి అమ్మకపు దిగులు తగ్గును. కూలివాని బిడ్డ పళ్లెములోను తాజా బీరకాయ పడును. దీనికి క్రొత్త చట్టము అక్కఱలేదు. వంటశాల పెద్ద, రైతు ఒక చోట కూర్చుండవలెను. వారమువారము కూర మాఱునని పిల్లలు ఒప్పుకొనవలెను. రెండవ షరతే కష్టమేమో! నా పిల్లలను చూచిన అనుభవముతో అనుచున్నాను.

వారి మాట కొంత చెప్పెదను. మొదటి యేడు సొరకాయను చూచి మొగము త్రిప్పినవారే, ఇప్పుడు ఆదివారము ఉదయము వాకిట నిలిచి సంచి కొఱకు చూతురు. ఏమి వచ్చునో ముందుగ తెలియకుండుటయే వారికి ఆట. గోడమీది క్యాలెండరులో వచ్చినవానిని వ్రాసి యుంచుదురు. గంగవాయిలి ఆషాఢములో, బోడకాకర శ్రావణములో, దసరాకు గుమ్మడి, దీపావళి దాటగా చామగడ్డలు. నిరుటి వ్రాతను ఈ యేటి వ్రాతతో పోల్చి, బోడకాకర ఈసారి పది దినములు ఆలస్యముగ వచ్చినదని మా చిన్నవాడు నాతో వాదించెను. వానలు ఆలస్యమైన యేడు అది. వాడు చెప్పినది సరియే.

గడచిన ఆదివారము ఈ యేటి మొదటి చిక్కుడుకాయలు వచ్చెను. ఎన్నో లేవు, రెండు గుప్పెళ్లు. తీగె ఇప్పుడే కాపు పట్టినదని, పై వారము ఎక్కువ తెత్తునని యువకుడు చెప్పెను. కూరకు చాలవని మా యింటిది వాటిని వంకాయతో కలిపి వండినది. ఒక గిన్నెడు ప్రక్క యింటి పెద్దమనిషికి పంపితిమి. అనపకాయ లెప్పుడు వచ్చునని పిల్లలు అప్పుడే అడుగుచున్నారు. క్యాలెండరు తీసి చూచితిమి. నిరుడు అవి సంక్రాంతికి పది దినముల ముందు వచ్చినవి.